లంకెబిందెల కప్పు

బెంగళూరు చిక్కపేట వెనక సందులో నా పటాల అంగడి ఉన్న మేడ గురించి నేను ఇప్పటిదాకా చెప్పిన అబద్ధాలన్నీ కూడబెడితే ఆ మేడ మీద ఇంకో రెండంతస్తులు లేస్తాయి. దేవుళ్ళ పటాలకూ, కాలం చేసినవాళ్ళ ఫోటోలకూ కట్లు కట్టడం నా పని. అద్దం కోసి, చెక్క అతికించి, మేకులు దిగ్గొట్టేదాకా వచ్చినవాళ్ళు బల్ల మీద అరగంట కూర్చోవాలి. ఊరికే కూర్చున్న మనిషికి బేరమాడే బుద్ధి పుడుతుంది. అది పుట్టకముందే నేను మేడ కథ ఎత్తుకునేవాణ్ణి.

అందులో నిజం లేకపోలేదు. మొదట అది బండ్లవాళ్ళ సత్రం. హిందూపురం, మడకశిర వైపు నుంచి బెల్లం, చింతపండు వేసుకొచ్చిన బండ్లు పెరట్లో ఆగేవి. ఎద్దుల్ని కట్టిన రాతి కడియాలు ఇప్పటికీ గోడలో ఉన్నాయి. నేను దానికి ఒక ఎద్దును కలిపాను. అది మెట్లెక్కి పైహాలులో పడుకుని దిగనని మొండికేసిందనీ, తొమ్మిది రోజులు దానికి గడ్డి మేడ మీదికే మోశారనీ చెప్పేవాణ్ణి. సత్రం పోయాక పట్టునూలు వ్యాపారులు హాలు పట్టారు. దూలాలకు వాళ్ళు కొట్టిన మేకులు వరసగా మిగిలాయి. ఆ రోజుల్లో హాలులో ఎవరైనా తుమ్మితే దారం లేచి అవెన్యూ రోడ్డు దాకా ఎగిరిపోయేదనీ, దాన్ని వెనక్కి చుట్టుకురావడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టారనీ నా మాట. తర్వాత టైపు నేర్పే బడి వచ్చింది. పరీక్ష రోజున మిషన్లన్నీ ఒక్కసారిగా మోగితే కింద మా నాయన అంగడిలో దేవుళ్ళంతా ఒక పక్కకు ఒరిగేవాళ్ళు. ఇది మాత్రం అబద్ధం కాదు. వాళ్ళను నిటారుగా నిలబెట్టే పని నాది కాబట్టి నాకు బాగా గుర్తు.

టైపు మిషన్లు పోయి చిన్న చిన్న పెళ్ళిళ్ళు వచ్చాయి. స్తంభాలకు పసుపు చేతుల మరకలు అంటుకున్నాయి. పెద్ద పెద్ద కల్యాణ మంటపాలు లేచాక పెళ్ళిళ్ళూ పోయి, ప్లాస్టిక్ బకెట్ల గోడౌన్ వచ్చింది. ఎవరు వచ్చినా ముందువాళ్ళ గుర్తు పూర్తిగా తుడవలేదు. టైపు బల్లల కాళ్ళు నేల మీద చేసిన గుంటల్లో పెళ్ళివాళ్ళు అక్షింతలు పోగొట్టుకున్నారు. పట్టు మేకులకు గోడౌనువాళ్ళు బకెట్లు తగిలించారు.

లంకెబిందెల కథ పుట్టింది ఒక ఆషాఢమాసంలో. పెళ్ళిళ్ళు ఉండవు, వ్రతాలు ఉండవు, పటాలకు గిరాకీ ఉండదు. గోడౌన్ కాపలా మనిషి టీ గ్లాసుతో వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. ఆయనకు పాత కథలన్నీ చెప్పేసి ఉన్నాను. కొత్తది కావాల్సి వచ్చింది.

"పైకప్పులో లంకెబిందెలు పెట్టి గచ్చు పోసినారప్పా," అన్నాను. "కర్రతో తట్టుకుంటా పో. గుల్ల శబ్దం యాడ వస్తే ఆడ ఉంటాయి."

"నీకు తెలిస్తే నువ్వే తీసుకోకూడదా?"

"నేను తట్టినా. నాకు గుల్ల శబ్దం రాలా. నుదుట రాసిపెట్టినోనికే వస్తాదంట."

ఆయన నవ్వి గ్లాసు కింద పెట్టి వెళ్ళాడు. నేనూ మరిచిపోయాను. చాలా రోజుల తర్వాత, గోడౌన్ ఖాళీ చేసే వారంలో, తలుపు మేకు ఊడిందని నా సుత్తీ ఉలీ అడిగి తీసుకున్నాడు. రెండో రోజు వాటిని తెచ్చి బల్ల మీద పెట్టి, బస్సెక్కి ఊరెళ్ళిపోయాడు.

ఆ ఏడు వానలకు హాలు కారింది. చాటంత గచ్చుపెళ్ళ ఊడి నేల మీద పడింది. హాలు ఖాళీగా ఉంది గనుక సరిపోయింది.

మేడ యజమానురాలు బసవనగుడిలో ఉంటుంది. లెక్కల టీచరుగా పని చేసి రిటైరైన మనిషి. సత్రం కట్టించింది వాళ్ళ ముత్తాత. నేను అక్కా అంటాను. ఆమె వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నాతో పాటు పైకెక్కింది. ఎర్రగా, నున్నగా ఉన్న పాత గచ్చు నడిమధ్యన కుర్చీ పట్టేంత బూడిదరంగు సిమెంటు అతుకు ఉంది. దాని చుట్టూ నెరియలు పారాయి.

"ఎవురప్పా ఈడ తవ్వింది?"

"గోడౌన్ కాపలాయన ఉండాలక్కా. నా ఉలితోనే తవ్వి, సిమెంటుతో మూసుంటాడు."

"ఎందుకంట?"

"లంకెబిందెల కోసరం."

"మా కప్పులో లంకెబిందెలు ఉండాయని ఆయప్పకు ఎవురు చెప్పిరి?"

నేను పిట్టగోడ మీద పావురాల వైపు చూశాను.

"పావురాలు చెప్పినాయా?"

"నేనే అక్కా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు కాసేపు చూసింది.

ఆమె అక్క కొడుకు ఇంజనీరు. హూడి దగ్గర అపార్ట్‌మెంటులో కాపురం. ఆ ఆదివారమే వచ్చి, కప్పును కింద నుంచీ పై నుంచీ ఫోటోలు తీసి, చంకలోని చుట్ట విప్పి ఐదంతస్తుల ప్లాన్ నా అంగడి బల్ల మీద పరిచాడు.

"చిన్నమ్మా, దీని లైఫ్ అయిపోయింది. కెమికల్ వేసినా గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. బిల్డర్ రెడీగా ఉన్నాడు, నువ్వు సైన్ పెడితే చాలు. రేపు ఎవరి తలమీదైనా పడితే?"

ఆమె ప్లాన్ చుట్టి మోకాళ్ళ మీద పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"తప్పు చేసినోడే మళ్ళా లెక్క చెయ్యల్ల. వేసవి దాకా టైమిస్తా ఉండా, నువ్వే బాగు చేయించు. మొదటి వానకు హాల్లో ఒక్క చుక్క పడినా సంతకం పెట్టేస్తా. మళ్ళా వచ్చి సుమ్నే ఊరికే కథలు చెప్పొద్దు."

సంతకం పడితే మేడతో పాటు నా అంగడి పోతుంది. మా నాయన కూర్చున్న బల్ల అది. అది పోవడానికి కారణం నా నోరే అవుతుంది. ఆ ఏడు నేను కథలు చెప్పడం తగ్గించాను. గిరాకీలు బేరమాడడం మొదలుపెట్టారు.

బెంగళూరులో మేస్త్రీలకు కరువు లేదు. వచ్చినవాడల్లా ఇంకాస్త సిమెంటు పోస్తానన్నాడు, లేదా తారు షీటు పరుస్తానన్నాడు. ఒకడు రేకులు వేస్తే పీడ పోతుందన్నాడు. చివరికి చందాపురలో ఒక మేస్త్రి తల గోక్కుని, "వర్తూరు షెడ్లలో పాలమూరు ముసలామె ఒకతి ఉండాదప్పా. పనోళ్ళ పిల్లల్ని చూసుకుంటాది. మేం సిమెంటు కలిపినప్పుడంతా సున్నం, సున్నం అని తిడతా ఉంటాది. పోయి అడుగు," అన్నాడు.

వర్తూరు చెరువు దగ్గర, రెండు పెద్ద అపార్ట్‌మెంట్ల మధ్య, నీలం రేకుల షెడ్లు. అవ్వ గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు.

"అవ్వా, గచ్చు కప్పు కొట్టినావా ఎప్పుడైనా?"

"నువ్వెవరు? మేస్త్రివా?"

"కాదు. ఫోటోలకు కట్లు కట్టేవాణ్ణి."

"నా ఫోటోకు ఇంక టైమున్నది, పో."

నేను అక్కడే గొంతుక్కూర్చుని పాత అలవాటు కొద్దీ మొదలుపెట్టాను. ఆ మేడలో రాజులు దిగేవాళ్ళనీ, కప్పు గచ్చులో ముత్యాలు నూరి పోశారనీ.

"అబద్ధాలు బంజెయ్యి," అంది చాట దించకుండానే. "కప్పు ఏ రంగున్నది?"

"ఎర్రగా ఉండాది. నడిమధ్యలో సిమెంటు అతుకు."

చాట పక్కన పెట్టింది. "సున్నానికి సిమెంటు అతికిండ్రా? బాలింతకు ఇనుప రైక తొడిగినట్టున్నది. సున్నం ఊపిరి పీలుస్తది బిడ్డా, గాలికి గట్టిపడ్తది. దాని ముక్కు మూస్తే పక్కదంత సస్తది. నువ్వు ఇయ్యాల రావలసింది గాదు, నిరుడే రావాలె."

రెండు బస్సులు మారి వచ్చింది. పైకెక్కి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, మడమతో తట్టుకుంటూ కప్పంతా తిరిగింది. ఇటుక ముక్కతో గీతలు గీస్తూ చెప్పింది. "ఈడ బతికున్నది. ఈడ బతికున్నది. ఇగో, ఈడికెళ్ళి ఆడిదాంక సచ్చింది." కుర్చీ పట్టేంత అతుకు అనుకున్నది నాలుగు మంచాలు వేసేంత తేలింది. పాడుకు మొదలు మాత్రం ఆ సిమెంటు అతుకే. దాన్ని పెళ్ళగించమంది. అక్క, ఇంజనీరు, నేను చుట్టూ నిలబడ్డాం.

పలుగు వేసి సిమెంటు పలకను ఎత్తితే కింద ఒక కుండ. పగిలిన కుండ. దాని పక్కన గచ్చు రాలిన చోట ఇంకొకటి, పగలనిది, బోర్లించి ఉంది. దాని వెనక ఇంకొకటి. ఒకదాని భుజం ఒకదానికి ఆనుకుని, సందుల్లో సున్నం కూరుకుని, వరస లోపలికి చీకట్లోకి పోతోంది.

నోటికొచ్చిందల్లా వాగిన మాట నిజమై నా ముందు బోర్లా పడి ఉంది. కాపలా మనిషికి గుల్ల శబ్దం ఎందుకు వినిపించిందో అప్పుడు తెలిసింది.

"ఖాళీ కుండలే," అంది అవ్వ, మాకు మతి పోయిందని అర్థమై. "ఎండ అండ్లనే ఆగిపోతది. కింద సల్లగుంటది. మా అత్త జెప్పేది, నేను సూడలే ఎన్నడు. ఇగో, ఇప్పుడు సూసిన."

ఇంజనీరు ఖరీదైన ప్యాంటుతో ఆ దుమ్ములో బోర్లా పడుకుని ఫోను లైటు లోపలికి వేశాడు. "చిన్నమ్మా, ఎయిర్ గ్యాప్! వేడి ఆపడానికి మేం ఫోమ్ షీట్లు కొంటాం. ఎన్ని వరసలు ఉన్నాయో చూడు!" అక్క అప్పటికే చూస్తోంది. ఒక గజానికి ఎన్ని కుండలో లెక్కపెట్టి, కప్పు పొడుగూ వెడల్పూ అడుగులతో కొలిచి వచ్చి, "వెయ్యికి తక్కువ ఉండవు," అంది. చిన్నప్పటి నుంచి ఆ కప్పు కింద తిరిగిన మనిషి. ఎండాకాలం హాలు చల్లగా ఉండేదని మాత్రమే ఆమెకు తెలుసు.

నేను పలుగుకు ఊడిన గచ్చుపెళ్ళను చేతిలోకి తీసుకున్నాను. లోపల ఆకుపచ్చగా ఏదో మెరిసింది. గాజు ముక్క. గోటితో గీకితే ఇంకొకటి, ఎర్రది.

"ఏందవ్వా ఇది?"

"గాజులు. ఆడోళ్ళు చెక్కలతోని గచ్చు కొట్టంగ కొట్టంగ పగుల్తయి గద. ఏరి పక్కకు పెడ్దమంటె మేస్త్రి ఒప్పడు. అట్లనే కప్పుల కలిసిపోతయి." తన మణికట్టు తిప్పి చూసుకుంది. "మావి ఏ కప్పులల్ల ఉన్నయో."

సత్రంలో దిగిన బండివాళ్ళు, పట్టు వ్యాపారులు, టైపు కొట్టినవాళ్ళు, తాళి కట్టించుకున్నవాళ్ళు, ఆ బకెట్లు సైతం ఆ గాజుల కింద ఎండకూ వానకూ దాక్కున్నారు. అన్ని కథలు కల్పించిన నాకు, ఆ కప్పును చేతులతో కొట్టినవాళ్ళు ఉండి ఉంటారన్న ఆలోచనే ఎన్నడూ రాలేదు.

పెరట్లో గుంత తీసి సున్నం నానేశాం. నెల రోజులు అది గుంతలో బుడబుడమంది, తర్వాత వెన్నలా అయింది. కరక్కాయలు, బెల్లం వేరే తొట్లలో నానాయి. సందంతా ఆ తీపి వగరు వాసన. పేటలోని చీమలన్నీ మా పెరటికే వచ్చాయి. పగిలిన కుండలకు బదులు కుమ్మరి వీధిలో అదే కొలతకు చేయించాం. ఇటుక ముక్కల జల్లీ, సున్నం, కరక్కాయ నీళ్ళూ కలిపి కుండల మీద పోశాక అవ్వ వర్తూరు షెడ్ల నుంచి ఎనిమిదిమంది ఆడవాళ్ళను తెచ్చింది. వాళ్ళందరికీ కాంక్రీటు తట్టలు మోయడమే తెలుసు. బట్టలుతికే బడితె లాంటి చెక్క తలా ఒకటి ఇచ్చి, నలుగురు నలుగురుగా ఎదురెదురుగా కూర్చోబెట్టింది. తాను నడుమ కూర్చుని పాట ఎత్తుకుంది.

"కొట్టవే నా కోడలా..."

"గట్టిగాదు, గట్టిగాదు," అన్నారు వాళ్ళు, చెక్క వేస్తూ.

"పసిబిడ్డ వీపంటి కప్పు..."

"తట్టి తట్టి నిద్రబుచ్చు."

నిజంగానే గట్టిగా కొట్టకూడదు. పిల్లను జో కొట్టినట్టు, కానీ పొద్దస్తమానం. మొదటి రోజు తడి గోనె మీద కొట్టినట్టు చప్పుడు చచ్చిపోయేది. నాలుగో రోజుకు తోలు మీద కొట్టినట్టయింది. చెక్క పడినప్పుడల్లా సున్నం పాలు పైకి ఊరి, మళ్ళీ లోపలికి ఇంకేవి. నేనూ ఒక చెక్క పుచ్చుకుని కూర్చున్నాను. రెండు వరసలకు నా తాళం తప్పింది, వరసంతా ఆగింది.

"నీ బలమంత నోట్లనే ఉన్నది," అంది అవ్వ. "పోయి బెల్లం నీళ్ళు తే."

ఏడో రోజు ఒకామె గాజు పగిలింది. ఏరబోతే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనియ్యి. అది దాని సోటే." ఆమె నవ్వి దాని మీదే చెక్క వేసింది.

తొమ్మిదో రోజుకు కప్పు కంచులా మోగింది. ఆ మోతకు పక్క అంగళ్ళవాళ్ళు పని వదిలి మెట్లెక్కి వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు. శెట్లు, గుమాస్తాలు, బట్టలు కొనడానికి వచ్చిన పెళ్ళివారు. చిక్కపేటలో అంతమంది నోరు మూసుకుని నిలబడడం నేను చూడలేదు. అవ్వ చివరిసారి చెక్క ఎత్తి వేసింది. అది పడిన వేగంతోనే పైకి ఎగిరింది. కప్పు మీద దాని గుర్తు లేదు.

"సాలు," అంది. "ఇంక పదిహేను దినాలు తడి ఆరనియ్యకుండ్రి. మొదటి వానకు నేనొస్త."

"ఎందుకవ్వా, మేం చూసుకుంటాం గదా."

"కప్పు కొట్టినోళ్ళు మొదటి వానకు దాని మీద నిలబడాలె. మా దిక్కు అది ఆచారం. కారిందనుకో, కిందోళ్ళు తిట్టేది నేను నిలబడి పడాలె గద."

వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. పొద్దున నుంచే ఉక్కపోసింది. మబ్బు చూసి అవ్వకు ఫోను చేయిస్తే అప్పటికే బస్సులో ఉందట; వస్తూనే కప్పు మీదికెక్కింది. అక్క ఆటోలో దిగింది. చేతిలో ప్లాన్ చుట్ట, చంకకు తగిలించిన సంచిలో పెన్ను. ఆమె వెనకే ఇంజనీరు. అక్క హాలులోకి వెళ్ళి, మూలనున్న ఇనుప కుర్చీని ఈడ్చుకొచ్చి, సరిగ్గా కొత్త కప్పు కింద వేసి కూర్చుంది.

"చిన్నమ్మా, పక్కకు రా. ప్లీజ్."

"ఎవురి తలమీద పడినా అంటివి గదా. నా తలమీదే పడనీ."

మొదట గాలి, తర్వాత వడగళ్ళు. రాళ్ళు కప్పు మీద పడి దొర్లుతుంటే కుండలన్నీ కలిసి లోపల సన్నగా మూలిగినట్టు వినిపించింది. తర్వాత కుండపోత. సందులో నీళ్ళు పారాయి. నేను కప్పు వైపు చూస్తున్నాను. ఇంజనీరూ చూస్తున్నాడు. అక్క మాత్రం ఎదురుగా గోడ వైపు చూస్తూ, ప్లాన్ ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా కూర్చుంది. అరగంట గడిచింది. నడిమి కప్పు పొడిగా ఉంది.

టప్పుమంది.

ముగ్గురం ఒకేసారి తిరిగాం. కొత్తపని జరిగిన చోట కాదు. హాలు చివర, గోడ మొదట్లో, దూలం కింద ఒక చుక్క. రెండోది. మూడోది. అక్క లేవలేదు. సంచిలోకి చెయ్యి పెట్టి పెన్ను తీసింది. ఒక్క చుక్క అని ఆమె అన్న మాట నాకూ గుర్తుంది. ఏదైనా చెబుదామని నోరు తెరిచాను. నా దగ్గర ఒక్క అబద్ధమూ లేదు.

"అవ్వా!" అని మెట్ల కింద నుంచి అరిచాను. "చివర కారతా ఉండాది!"

"కప్పు గాదు! తూము!" పైనుంచి గొంతు. తర్వాత కాళ్ళు పరుగెత్తిన చప్పుడు, నీళ్ళలో ఏదో పీకుతున్న చప్పుడు. ఒక్కసారిగా పెరట్లోకి నీళ్ళు దబదబ దూకాయి. తూములోంచి పావురాల ఈకలు, గాలిపటం దారం, పుల్లలు ముద్దగా వచ్చి కింద పడ్డాయి. నీళ్ళు పోయే దారి లేక పిట్టగోడ మూలన నిలబడి, గోడ నెరియలోంచి దిగాయి. అంతే.

గోడ మొదట్లో ఇంకో చుక్క పడింది. ఇంకోదాని కోసం చూశాం. అది దూలం అంచున వేలాడి, వేలాడి, పడకుండా ఇంకిపోయింది. బయట వాన తగ్గలేదు.

అక్క పెన్ను మూత పెట్టింది. అరచేత్తో తల నిమురుకుని చూసుకుంది. పొడిగా ఉంది. ప్లాన్ చుట్టను ఇంజనీరు చేతికిచ్చింది.

"కారింది కప్పు కాదు. సంతకం లేదు. ఆ బిల్డరుకు చెప్పేయ్."

"చెప్తాలే," అన్నాడతను. కళ్ళు ఇంకా కప్పు మీదే ఉన్నాయి. "ఆ గోడ నెర్రెకు సున్నం పెట్టాలి చిన్నమ్మా. సిమెంట్ వద్దు."

"హాలు ఎవరికిస్తావక్కా?" అడిగాను నేను.

"అది తర్వాత. ముందు పైన ఆయమ్మ తడస్తా ఉండాది, టీ తీసుకొనిపో."

గ్లాసు మీద పళ్ళెం మూతేసుకుని మెట్లెక్కాను. అవ్వ నడిమధ్యన, వట్టికాళ్ళతో, చీర మోకాళ్ళ దాకా దోపుకుని నిలబడి ఉంది. వాన ఆమె చుట్టూ ఆ ఎర్రటి గచ్చు మీద పడి, ఎక్కడా ఆగకుండా, గాజుపలక మీద జారినట్టు జారి, తూములోకి పోతోంది. నేను కట్లకు అద్దాలు కోసినన్నాళ్ళలో అంత నున్నటిది చూడలేదు. చెప్పులు విడిచి నేనూ దాని మీదికి దిగాను.

"మెల్లగ నడువు," అంది అవ్వ, టీ అందుకుంటూ. "ఇంక పసిదే."